రెండో పొరలో పాట

ఆ డిస్కును కంప్యూటరు డ్రైవులో పెడితే మామూలు సీడీలాగే తెరుచుకుంటుంది. పాటలు వరసగా కనిపిస్తాయి, కాపీ కూడా అవుతాయి. అయితే కొన్నవారు అంత డబ్బు పోసింది ఆ పాటల కోసం కాదు. అదే డిస్కులో, సీడీ పొరకంటే ముందు, చదివే వైపు నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఇంకో పొర ఉంది. అదే సంగీతం అక్కడ వేరే పద్ధతిలో, నాలుగింతల డేటాతో రాసి ఉంది. కంప్యూటరుకు ఆ పొర ఉన్న సంగతే తెలియదు. ఈ డిస్కు పేరు సూపర్ ఆడియో సీడీ. ఇకమీద ఎస్ఏసీడీ అందాం.

1998 నవంబరు 22న హైదరాబాద్ మాదాపూర్‌లోని హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆరు నెలలు తిరిగేసరికి, 1999 మేలో, సోనీ తన మొదటి ఎస్ఏసీడీ ప్లేయరు ఎస్‌సీడీ-1ను జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ఒకదానికొకటి సంబంధం లేని సంగతులే. కానీ హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇళ్ళలోకి ఈ డిస్కులు ఎలా వచ్చాయో చెప్పాలంటే రెండూ కావాలి. ఇక్కడినుంచి శాన్ హోసే, డాలస్, న్యూజెర్సీ వెళ్ళిన ఇంజినీర్లలో సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్ళు 2000 దశకంలో అక్కడి దుకాణాల్లో వీటిని కొన్నారు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' 2003లో ఈ రూపంలో వచ్చినప్పుడు చాలామందికి ఎస్ఏసీడీ అనే పేరు మొదటిసారి తెలిసింది. జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అయితే కుప్పలుగా వచ్చాయి. వాళ్ళలో కొందరు తిరిగి వచ్చి కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్లల్లో ఫ్లాట్లు కొనుక్కున్నప్పుడు సామాను పెట్టెల్లో ఈ డిస్కులూ దిగాయి. మన సినిమా పాట మాత్రం క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి ఎంపీ3కి, అక్కడినుంచి ఫోన్లోకి వెళ్ళిపోయింది. ఈ డిస్కుకు ఇక్కడ మార్కెట్టే ఏర్పడలేదు. అందుకే దీన్ని రిపేరు చేసే చేతులూ తక్కువే.

డిస్కు పాడవడానికి ముందే ప్లేయరు ముసలిదైపోతుంది. లేజరు డయోడు బలం తగ్గుతుంది, ట్రే బెల్టు సాగుతుంది, కటకం మీద దుమ్ము చేరుతుంది. కోకాపేట, నానక్‌రామ్‌గూడల్లో ఏళ్ళ తరబడి సాగుతున్న నిర్మాణాల మధ్య ఉండేవాళ్ళకు ఆ దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ రంగంలో అందరూ మెచ్చుకున్న ప్లేయర్లు చేసిన ఒప్పో డిజిటల్ 2018 ఏప్రిల్‌లో కొత్త ఉత్పత్తులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు వెతకవచ్చు, కానీ ఫలానా మోడల్‌కు సరిపోయే లేజరు యూనిట్ దొరకడం అదృష్టం. కాబట్టి ప్లేయరు బతికి ఉండగానే డిస్కులోని సంగీతాన్ని హార్డ్ డిస్కులోకి దించుకోవాలని కోరుకోవడం న్యాయమైన కోరిక. రిప్పింగ్ అంటే ఇదే. ఇందులో ఏది ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే ముందు డిస్కులోకి తొంగిచూడాలి.

సీడీలో సమాచారం సన్నని గుంటల వరసగా ఉంటుంది. అతి పొట్టి గుంట 0.83 మైక్రాన్లు, ఒక వరసకూ పక్క వరసకూ దూరం 1.6 మైక్రాన్లు. దాన్ని చదివే పరారుణ లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. ఎస్ఏసీడీ పొర డీవీడీ కొలతలతో చేసింది: పొట్టి గుంట 0.4 మైక్రాన్లు, వరసల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. రెండు పొరలూ ఉన్న డిస్కును హైబ్రిడ్ అంటారు. అందులో ఎస్ఏసీడీ పొరను ఎర్ర కాంతికి అద్దంలా ఉంటూ, పరారుణ కాంతిని లోపలికి పోనిచ్చేలా తయారుచేస్తారు. మామూలు సీడీ ప్లేయరు లేజరు ఈ పొరను దాటుకుని వెళ్ళి, 1.2 మిల్లీమీటర్ల లోతున లేబుల్‌కు ఆనుకుని ఉన్న సీడీ పొరను చదువుకుంటుంది. ఒకే డిస్కు పాత కారు స్టీరియోలోనూ, ఖరీదైన ప్లేయరులోనూ మోగడానికి కారణం ఇంతే. చాలా అందమైన ఇంజినీరింగ్ అది.

సంగీతాన్ని రాసిన పద్ధతి ఇంకా ఆసక్తికరం. సీడీ సెకనుకు 44,100 సార్లు ధ్వని ఎత్తును కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తుంది. ఎస్ఏసీడీలో కొలతకు ఒకటే బిట్. కాకపోతే సెకనుకు 28,22,400 సార్లు, అంటే సీడీ వేగానికి సరిగ్గా 64 రెట్లు. ఈ పద్ధతిని డీఎస్‌డీ అంటారు. ఒక్క బిట్‌తో చెప్పగలిగేది 'పైకి' లేదా 'కిందికి' మాత్రమే, కాబట్టి ప్రతి కొలతలోనూ తప్పు భారీగా ఉంటుంది. ఆ తప్పును పట్టుకుని వెంటవెంటనే తర్వాతి బిట్లలో సరిచేస్తూ పోతుంది రికార్డింగ్ సర్క్యూట్. దాంతో తప్పు మాయమవదు గానీ, మన చెవికి అందని 20 కిలోహెర్ట్జ్ పై భాగంలోకి నెట్టబడుతుంది. వినిపించే మేరలో మాత్రం 120 డెసిబెల్స్ దాకా శుభ్రమైన చోటు మిగులుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, రిప్ చేసిన ఫైలులో టక్కుమనే చప్పుడు ఎందుకు వస్తుందో చెప్పేటప్పుడు ఇది మళ్ళీ కావాలి.

ఒక లెక్క వేద్దాం. రెండు చానళ్ళకు సెకనుకు 56.4 లక్షల బిట్లు. ఆరు చానళ్ళయితే 1.69 కోట్ల బిట్లు. అలా 74 నిమిషాలు రాస్తే దాదాపు 9.4 గిగాబైట్లు. డిస్కు పట్టేది 4.7 గిగాబైట్లు. అందుకే ఒక్క బిట్ కూడా పోకుండా కుదించే డీఎస్‌టీ అనే పద్ధతిని వాడి, స్టీరియో, సరౌండ్ రెండింటినీ ఒకే పొరలో ఇరికించారు.

ఇంత చేసి దానికి తాళం వేశారు. డీవీడీ కొలతలే కదా, కంప్యూటరు డీవీడీ డ్రైవు ఎందుకు చదవలేదని అడిగేవాళ్ళకు జవాబు ఈ తాళమే. డేటాను 80 బిట్ల తాళంచెవితో గుప్తీకరించారు. ఆ తాళంచెవి ఉన్న చోటును లైసెన్సు పొందిన ప్లేయర్లే చదవగలవు. దానికి తోడు గుంటల పొడవులో డేటా ఉంటే, గుంటల వెడల్పును అతి స్వల్పంగా మార్చి అందులో ఇంకో ముద్ర వేశారు. దాన్ని గుర్తించే సర్క్యూట్ ప్లేయరు లేజరు భాగంలోనే ఉండాలి. మొదట్లో ఈ తాళం తీసే వీలు ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్ళలో, 3.55 లేదా అంతకుముందు ఫర్మ్‌వేర్ ఉన్నవాటిలో దొరికింది. కొన్నేళ్ళ తర్వాత మరింత సులువైన దారి బయటపడింది. మీడియాటెక్ చిప్‌లతో చేసిన కొన్ని బ్లూ-రే ప్లేయర్లు ఉన్నాయి: ఒప్పో బీడీపీ-103, 105, పయనీర్ బీడీపీ-160, కేంబ్రిడ్జ్ ఆడియో సీఎక్స్‌యూ, సోనీ ఎస్590, ఎస్790 లాంటివి. వీటి లోపల నడిచేది లినక్స్. ఆటోస్క్రిప్ట్ అనే పేరుతో ఫోల్డరు ఉన్న యూఎస్‌బీ స్టిక్ తగిలిస్తే, అందులోని ఆదేశాలను ఇవి నడుపుతాయి. ఆ ఆదేశాలు ఒక చిన్న ప్రోగ్రామును లేపుతాయి. అది 2002 అనే నెట్‌వర్క్ పోర్టు దగ్గర కూర్చుని, అడిగినవాళ్ళకు డిస్కులోని సెక్టార్లను వరసగా పంపుతుంది. ఇటు కంప్యూటరులో ఎస్ఏసీడీ ఎక్స్‌ట్రాక్ట్ అనే ప్రోగ్రాము వాటిని అందుకుని ఫైలుగా రాసుకుంటుంది. ఇక్కడ తాళం తీస్తున్నది ప్లేయరే, లైసెన్సుతో తనకు ఇచ్చిన చిప్‌తోనే. ప్లేయరును శాశ్వతంగా మార్చేది ఏదీ లేదు, ప్లగ్గు పీకితే ఆ ప్రోగ్రాము పోతుంది.

ఇప్పుడు చూడండి, ఎన్ని మెట్లున్నాయో: కరెంటు, యూఎస్‌బీ స్టిక్, ఫర్మ్‌వేర్, నెట్‌వర్క్, డిస్కు, చివరికి ఫైలు. పని ఆగిపోయినప్పుడు మనిషికి వచ్చే మొదటి బుద్ధి అన్నిటినీ ఒకేసారి మార్చడం. స్టిక్ మారుస్తారు, రౌటరు రీసెట్ చేస్తారు, డిస్కు తుడుస్తారు, ప్రోగ్రాము కొత్త వెర్షను దించుతారు. ఒకవేళ పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు, మర్నాడు మళ్ళీ మొదటికొస్తుంది. పొద్దంతా సర్వర్ల లాగ్‌లు చదివి తప్పు ఏ పొరలో ఉందో తేల్చే ఇంజినీర్లు కూడా ఇంటికొచ్చాక ఈ పెట్టె ముందు ఆ క్రమశిక్షణ వదిలేస్తారు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే: తప్పుకు ఒక చిరునామా ఉంటుంది, బాగుచేయడానికి ముందు ఆ చిరునామా కనుక్కోవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేయాలి. జవాబు అవునైనా కాదైనా, మిగిలిన అనుమానాల్లో సగం తీసిపారేసేలా ఆ ప్రశ్న ఉండాలి.

కరెంటుతో మొదలుపెట్టాలి. అమెరికాలో కొన్న పెట్టెలు వెనక్కి తిప్పి చూడండి. ఒప్పో 103 అయితే 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా తట్టుకుంటుంది. అక్కడి మార్కెట్టుకు చేసిన సోనీ ప్లేయర్లలో చాలావాటి మీద 120 వోల్టులని ఉంటుంది. మన 230 వోల్టుల సాకెట్లో పెట్టిన క్షణంలోనే వాటి పవర్ సప్లై పోవచ్చు. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని తగిలించకూడదు. తర్వాత మోడల్ నంబరు. ఒప్పో 103 పనిచేసింది కదా అని దాని తర్వాత వచ్చిన 203, 205లతో కుస్తీ పడేవాళ్ళున్నారు. వాటిలో చిప్ వేరు, ఈ దారి లేదు.

ఆ రెండూ దాటాక, కంప్యూటరు తెర మీద వచ్చే సందేశాన్ని అక్షరం అక్షరం చదవాలి. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అనడం వేరు, టైమ్డ్ అవుట్ అనడం వేరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వెళ్ళి 2002 నంబరు ఫ్లాట్ అడిగితే, "ఆ ఫ్లాట్లో ఎవరూ లేరు సార్" అని వాచ్‌మన్ చెప్పడం మొదటిది. గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డా పలికే దిక్కు లేకపోవడం రెండోది. మొదటి సందర్భంలో మనం సరైన చోటికే వచ్చాం, లోపల ఉండాల్సిన మనిషే రాలేదు. రెండో సందర్భంలో అసలు చోటే తప్పు కావచ్చు.

కొండాపూర్ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, పింగ్ వస్తోంది, కానీ రిఫ్యూజ్డ్ అంటోంది. రౌటరు మార్చేయనా?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ. పింగ్ వచ్చిందంటే నెట్‌వర్క్ బాగానే ఉంది. ఇక దాని జోలికి వెళ్ళకు. స్టిక్ చూడు," అన్నాను.

రిఫ్యూజ్డ్ వస్తే అనుమానించాల్సింది యూఎస్‌బీ స్టిక్‌నే. ప్రోగ్రాము లేవలేదన్నమాట. స్టిక్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. 32 గిగాబైట్లకు మించినవి చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, ప్లేయరు వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. జిప్ ఫైలును విప్పినప్పుడు ఫోల్డరు లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డరు ఏర్పడటం మరో మామూలు తప్పు. పైనున్నది ఖాళీ, ఆదేశాలు లోపలిదాంట్లో. విండోస్ ఫైలు పేరు చివర కనిపించకుండా దాచే తోక ఇంకొకటి. మీకు ఆటోస్క్రిప్ట్ అనే కనిపిస్తుంది, నిజానికి దాని చివర టీఎక్స్‌టీ అని ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత 4 లేదా 8 గిగాబైట్ల స్టిక్ ఒకటి తీసుకుని ఈ పనికే పక్కన పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఒప్పోలో ఆదేశాలు నడిస్తే ట్రే దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఒక్క గుర్తు చూస్తే చాలు, ఈ మెట్టు దాటినట్టే.

టైమ్డ్ అవుట్ వస్తే కథ పూర్తిగా నెట్‌వర్క్‌ది. సైబరాబాద్ ఇళ్ళలో దీనికి ప్రత్యేకమైన కారణాలున్నాయి, వాటి దగ్గర కాస్త ఆగాలి.

మొదటిది ఆఫీసు లాప్‌టాప్. ఇంటినుంచి పని మొదలయ్యాక చాలామందికి ఇంట్లో ఉన్న మంచి కంప్యూటరు కంపెనీదే. అందులో వీపీఎన్ నడుస్తూ ఉంటే, పక్క గదిలోని ప్లేయరుకు వెళ్ళాల్సిన అభ్యర్థన కూడా సొరంగంలోంచి కంపెనీ డేటా సెంటరుకు పోయి అక్కడ ఆగిపోవచ్చు. వీపీఎన్ ఆపినా కంపెనీ పెట్టిన ఫైర్‌వాల్ అడ్డుకోవచ్చు. దాన్ని తప్పించే ప్రయత్నం చేయకండి. అది మీ యంత్రం కాదు, ఈ పనికి వాడకూడదు కూడా. సొంత కంప్యూటరు, ఎంత పాతదైనా, ఇక్కడ మేలు.

రెండోది రెండు రౌటర్ల ఇల్లు. ఫైబర్ కనెక్షనుతో వచ్చిన పెట్టే ఒక రౌటరు. సిగ్నలు పడకగది దాకా అందడం లేదని కొన్న మెష్ పరికరం ఇంకో రౌటరు. ఒకదాని కింద పరికరాలకు 192.168.1తో మొదలయ్యే చిరునామాలు, రెండోదాని కింద 192.168.0తో మొదలయ్యేవి. ఇందులో ఒక వింత ఉంది. లాప్‌టాప్ లోపలి రౌటరు కింద, ప్లేయరు బయటి రౌటరు కింద ఉంటే చాలాసార్లు పనిచేస్తుంది, ఎందుకంటే లోపలి నుంచి బయటికి దారి తెరిచే ఉంటుంది. అదే తారుమారైతే పనిచేయదు. కాబట్టి హాల్లో కూర్చుంటే కాని పని పడకగదిలో కూర్చుంటే అవుతుంది, మనిషి సిగ్నలు బలాన్ని అనుమానిస్తాడు. మెష్ పరికరాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చడం శాశ్వత పరిష్కారం. అంత ఓపిక లేకపోతే ప్లేయరునూ కంప్యూటరునూ రెండు కేబుళ్ళతో ఒకే పెట్టెకు తగిలించండి. గెస్ట్ వైఫైకి మాత్రం దేన్నీ కలపకండి. ఒక పరికరం మరోదాన్ని చూడకుండా ఉండేందుకే దాన్ని ఏర్పాటు చేశారు.

మూడోది కరెంటు పోవడం. అపార్ట్‌మెంటులో జనరేటరు అందుకునే లోపు రౌటరు ఆగి మళ్ళీ లేస్తుంది, ప్లేయరుకు కొత్త చిరునామా ఇస్తుంది. నిన్న పనిచేసిన ఆదేశమే ఇవాళ టైమ్డ్ అవుట్ అంటుంది. రౌటరు సెట్టింగుల్లో ప్లేయరుకు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించాలి. రౌటరుకు, ప్లేయరుకు చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే మరీ మంచిది.

కనెక్షన్ కుదిరింది, డిస్కు మాత్రం కనిపించడం లేదంటే? ప్లేయరు హైబ్రిడ్ డిస్కును సీడీగా తెరిచి ఉండవచ్చు. ఒప్పో మెనూలో ఎస్ఏసీడీ ప్రయారిటీ అనే ఎంపిక ఉంటుంది. అది సీడీ మోడ్‌లో ఉంటే ప్లేయరు ఆ ఖరీదైన పొరను పట్టించుకోదు. డిస్కు పెట్టగానే దానంతటదే పాడటం మొదలైతే అదీ అడ్డమే. ఆటో ప్లే ఆపేయాలి.

ఇక మధ్యలో ఆగిపోవడం. అన్నిటికంటే ఎక్కువ విసుగు పుట్టించేది ఇదే, కానీ దీని చిరునామా కనుక్కోవడం అన్నిటికంటే సులువు. మళ్ళీ మొదలుపెట్టి, ఎక్కడ ఆగిందో రాసుకోండి. ప్రతిసారీ ఒకే సెక్టారు దగ్గర ఆగితే తప్పు డిస్కులో ఉంది: వేలిముద్ర, గీత, అంటుకున్న దుమ్ము. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా పడిన గీత వరస వెంబడే సాగి వేల బిట్లను ఒకేచోట మింగేస్తుంది. నేరుగా పడిన గీత ప్రతి వరసలోనూ కొద్దికొద్దిగా మాత్రమే కొరుకుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం ప్లేయరుకు చేతనవుతుంది. ఆగిన చోటు ప్రతిసారీ మారుతూ ఉంటే డిస్కును వదిలేయండి. వైర్‌లెస్, కరెంటు, వేడెక్కిన ప్లేయరు, ఈ మూడింటిలో ఒకటి. పక్కపక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి అరుచుకునే టవర్లలో వైఫై మీద గిగాబైట్లు లాగడం కంటే కేబుల్ వేసుకోవడం ఎప్పుడూ మేలు. మామూలు 100 మెగాబిట్ కేబుల్ చాలు. ఇక్కడ వేగానికి హద్దు డిస్కు తిరిగే వేగమే గానీ తీగ కాదు.

దీనికి ముడిపడిన ఒక భయాన్ని తీసేయాలి. వైఫై సరిగా లేకపోతే సంగీతం నాణ్యత తగ్గి వస్తుందేమోనని కొందరు అనుకుంటారు. అలా జరగదు. దారిలో పోయిన ప్యాకెట్‌ను నెట్‌వర్క్ మళ్ళీ పంపిస్తుంది. ఆలస్యం అవుతుంది, లేదా తెగిపోతుంది. డిస్కు చదవడంలోనూ అంతే. ఈ పొరలో 16 సెక్టార్లను ఒక కట్టగా కట్టి, 192 వరసలు, 172 నిలువుల పట్టికగా పేర్చి, దానికి 16 వరసలు, 10 నిలువులు సరిచూపు అంకెలు కలుపుతారు. చెడిన బిట్లను ఆ అంకెలతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి సరిచేస్తారు. సీడీలో పాట చదవలేనప్పుడు ప్లేయరు పక్కనున్న విలువలను చూసి ఊహించి పూడ్చేస్తుంది, మనకు తెలియనివ్వదు. ఇక్కడ ఆ ఊహకు తావులేదు, ఉన్నది ఉన్నట్టు రావాలి లేదా ఆగిపోవాలి. అందువల్ల ఒక డిస్కును రెండుసార్లు దించి, రెండు ఫైళ్ళ ఎస్‌హెచ్ఏ-256 సంతకాలను పోల్చి చూసుకోవచ్చు. ఒక్క బిట్ తేడా ఉన్నా సంతకాలు పూర్తిగా వేరవుతాయి. రెండూ కలిస్తే మీ దగ్గర ఉన్నది నిఖార్సైన నకలు. ఇష్టమైన డిస్కులకైనా ఈ పరీక్ష చేసి తీరాలంటాను.

ఫైలు దాదాపు 4.29 గిగాబైట్ల దగ్గర ఆగిపోతే కారణం ఇంకెక్కడా వెతకక్కర్లేదు. కంప్యూటరులో మీరు దించుకుంటున్న హార్డ్ డిస్కు ఫ్యాట్32లో ఉంది, అందులో ఒక ఫైలు 429,49,67,295 బైట్లను దాటలేదు. యూఎస్‌బీ స్టిక్‌కు తప్పనిసరైన ఫార్మాటే ఇక్కడ పనికిరాదు. ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఉన్న చోటికి మార్చండి.

మొత్తం డిస్కును ఐఎస్ఓ అనే ఒక్క ఫైలుగా దించుకుని, దాన్నుంచి విడివిడి పాటలను డీఎస్ఎఫ్ ఫైళ్ళుగా తీసుకోవడం మంచి పద్ధతి. అప్పుడు ఎదురయ్యేదే ఇందాక చెప్పిన చప్పుడు. ఒక పాట పూర్తై ఇంకోటి మొదలయ్యే చోట టక్కుమంటుంది. డిస్కు పాడైందేమోనని గుండె జారుతుంది. డిస్కుకు ఏమీ కాలేదు. ఎస్ఏసీడీలో ధ్వని సెకనుకు 75 ఫ్రేములుగా, చానలుకు ఫ్రేముకు 4,704 బైట్లుగా ఉంటుంది. డీఎస్ఎఫ్ ఫైలు మాత్రం చానలుకు 4,096 బైట్ల దిమ్మలుగా రాసుకుంటుంది. ఒకటి రెండోదానితో నిశ్శేషంగా భాగించబడదు, కాబట్టి పాట చివరి దిమ్మలో దాదాపు ఎప్పుడూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని సున్నాలతో నింపడం ఫార్మాటు ఆచారం. మామూలు సీడీ ధ్వనిలో సున్నా అంటే నిశ్శబ్దం. డీఎస్‌డీలో సున్నా అంటే 'కిందికి' అని కదా! వరసగా సున్నాలంటే స్పీకరుకు కిందికి, కిందికి, ఇంకా కిందికి అని ఆజ్ఞ. ఒక దిమ్మ కాలం 11.6 మిల్లీసెకన్లు, చెవికి టక్కుమని వినిపించడానికి అది చాలు. డీఎస్‌డీలో నిశ్శబ్దాన్ని సున్నాలూ ఒకట్లూ సమంగా ఉన్న నమూనాతో రాయాలి, ఉదాహరణకు 01101001. ఈ సంగతి తెలిసిన కొత్త ప్రోగ్రాములు మిగులు బైట్లను తర్వాతి పాటలోకి తీసుకుపోయి ఖాళీ లేకుండా చేస్తాయి. పాత వెర్షనుతో తీసిన పాటలు టక్కుమంటే డిస్కు జోలికి వెళ్ళనవసరం లేదు, ఐఎస్ఓ నుంచి మళ్ళీ తీసుకుంటే సరిపోతుంది.

డీఎస్‌డీని పీసీఎం ఫైలుగా, అంటే సీడీ పద్ధతిలోకి, మార్చుకున్నవాళ్ళకు శబ్దం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. అది కూడా లోపం కాదు. ఎస్ఏసీడీలో సున్నా డెసిబెల్ గుర్తును, సైద్ధాంతికంగా వీలైన గరిష్ఠానికి 6 డెసిబెల్స్ కింద పెట్టారు.

ఇంత శ్రమకు ఫలితం చెవికి తెలుస్తుందా? నిజాయితీగా చెప్పాలంటే, పొర మారినంత మాత్రాన కాదు. 2007లో ఈ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ప్రచురించారు. హై-రిజల్యూషన్ డిస్కు ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి తగ్గించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. అయినా ఎస్ఏసీడీలు చాలాసార్లు బాగా వినిపిస్తాయన్న మాటలో నిజముంది, ఆ పరిశోధకులూ అది ఒప్పుకున్నారు. వీటిని తయారుచేసేటప్పుడు ఇంజినీర్లు ఎక్కువ శ్రద్ధ పెట్టారు, శబ్దాన్ని అతిగా నొక్కి పెంచలేదు. అదీగాక సరౌండ్ మిక్స్ చాలా ఆల్బమ్‌లకు ఈ పొరలోనే ఉంది, సీడీలో లేదు. నా దృష్టిలో కాపాడుకోవాల్సింది ఆ శ్రద్ధనే.

చట్టం మాట కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ 65ఏ సెక్షన్‌ను తెచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అనే మాట అందులో ఉండటం ముఖ్యం. సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ వేరుగా గుర్తిస్తుంది. కొన్న డిస్కును ఇంట్లో వినడానికి దించుకోవడం ఒకటి, ఆ ఫైలును నలుగురికి పంచడం పూర్తిగా వేరొకటి. డిస్కు అమ్మేసి ఫైలు ఉంచుకోవడాన్నీ నేను సమర్థించను.

చివరగా పేర్ల సంగతి. ఎస్ఏసీడీలో ఆల్బమ్, పాటల పేర్లు రాయడానికి అనుమతించిన లిపి పట్టికలు కొన్నే: పశ్చిమ యూరప్ భాషల అక్షరాలు, జపనీస్, కొరియన్, చైనీస్. భారతీయ లిపి ఒక్కటీ లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, 1999 నాటి ఈ డిస్కు దాన్ని తీసుకోలేదు. జపాన్ డిస్కు దించినప్పుడు పాటల పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తే, కంప్యూటరు ఆ పట్టికను తప్పుగా చదివిందని అర్థం. పేరు సరిచేసుకుంటే చాలు, రిప్ మళ్ళీ చేయనక్కర్లేదు. డీఎస్ఎఫ్ ఫైళ్ళలో పేర్ల కోసం ఉండే ట్యాగులు యూనికోడ్‌ను ఒప్పుకుంటాయి. రాగం, కృతి, వాగ్గేయకారుడి పేరు తెలుగులోనే రాసుకోవచ్చు. ముందు ఒక్క ఫైలు మీద రాసి, మీ మ్యూజిక్ సర్వరు తెర మీద ఒత్తులు విడిపోకుండా వస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు మిగతావి మొదలుపెట్టండి.